హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర – 12: బలరాం ఎంతటి ఆటగాడు?

భారత ఫుట్‌బాల్ అభిమానుల మధ్య అరవై ఏళ్లుగా తెగని వాదం ఒకటుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టు ముందు వరుసలో ప్రదీప్ కుమార్ బెనర్జీ, చుని గోస్వామి, తులసీదాస్ బలరాం కలిసి ఆడారు. ముగ్గురూ ఇంచుమించు ఒక ఈడువారు. బెనర్జీ, బలరాం 1936లోనూ, గోస్వామి 1938లోనూ పుట్టారు. అర్జున అవార్డు 1961లో బెనర్జీకి, 1962లో బలరాంకు, 1963లో గోస్వామికి దక్కింది. దేశం ఇంతవరకు చూసిన అత్యుత్తమ ముందు వరుస ఇదేననడంలో పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా ఆ ముగ్గురిలో ఎవరు మిన్న అన్నదగ్గరే.

బెనర్జీ, గోస్వామి పేర్లు దేశమంతటా స్థిరపడ్డాయి. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన బలరాం పేరు ఎప్పుడూ మూడోదిగానే వినిపిస్తుంది. ఆనాటి ఆటను కళ్లారా చూసినవారిలో పలువురు మాత్రం ముగ్గురిలోకీ సంపూర్ణమైన ఆటగాడు బలరామేనని బతికినంతకాలం గట్టిగా చెప్పారు. ఆ మాటకు ఆధారం ఉందా, లేక అది గతం మీది మమకారమేనా? మిగిలిన సాక్ష్యాలను వరుసగా పరిశీలిస్తే గాని ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

వాదంలోని పక్షాలు

ఈ వాదం మొదలైంది కలకత్తాలో. అక్కడ ఆటగాడి విలువను అతడు వేసుకున్న జెర్సీ నుంచి విడదీసి చూడడం అభిమానులకు కష్టం. గోస్వామి క్లబ్ జీవితమంతా మోహన్ బగాన్‌లోనే గడిపారు. ఆ క్లబ్ అభిమానులకు ఆయనను మించినవారు లేరు. బలరాం వారి చిరకాల ప్రత్యర్థి ఈస్ట్ బెంగాల్ మనిషి. బెనర్జీ ఆ రెండింటికీ చెందకుండా ఈస్టర్న్ రైల్వే జట్టులో ఆడుతూ పెద్ద క్లబ్బుల నీడ లేకుండానే పేరు తెచ్చుకున్నారు. 1958లో ఆ రైల్వే జట్టు కలకత్తా లీగ్ గెలిచింది. అంతకుముందూ ఆ తరువాతా దశాబ్దాల తరబడి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ తప్ప మరొకరు అందుకోని కిరీటం అది. అందుకే బెనర్జీ పక్షాన మాట్లాడేవారు ఆ గెలుపునే మొదటి సాక్ష్యంగా చూపుతారు.

ఈ మూడు పక్షాలకు తోడు హైదరాబాద్ పక్షం ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన రోజులను ఈ ధారావాహిక గత భాగాలు వివరించాయి. ఆ ఆట చూసి పెరిగినవారికి బలరాం ఒక వ్యక్తి మాత్రమే కాదు. హైదరాబాద్ పద్ధతి ఎంత దూరం వెళ్లగలదో చూపించిన ఆటగాడు. అందువల్ల బలరాంను తక్కువ చేసి మాట్లాడితే హైదరాబాద్‌నే తక్కువ చేసినట్టుగా ఇక్కడివారు భావించారు.

నాలుగు పక్షాలకూ అభిమానం ఉంది. అభిమానం జ్ఞాపకాన్ని కాపాడుతుంది కాని తూకం వేయలేదు. తూకానికి కావలసింది ఎవరితో ఆడారు, ఏ స్థానంలో ఆడారు, ఏ పరిస్థితుల్లో ఆడారు అన్న వివరాలు.

అమ్ముగూడ కుర్రవాడు

బలరాం పేద ఇంట పుట్టారు. చిన్నతనంలో ఆట అంతా బూట్లు లేని కాళ్లతోనే సాగింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల సైనికుల జట్లు, చిన్న చిన్న క్లబ్బులు ఎప్పుడూ ఏదో ఒక పోటీ ఆడుతుండడం వల్ల ఆట నేర్చుకోవడానికి బడి అక్కరలేకపోయింది. మైదానం అంచున నిలబడి చూస్తే చాలు. అలా చూసి నేర్చుకున్న కుర్రవాడు హైదరాబాద్ రైడర్స్ క్లబ్‌కు ఆడుతూ రహీం కంట పడ్డాడు.

అమ్ముగూడ నుంచి రోజూ నగరానికి వచ్చి సాధన చేసే స్తోమత ఆ కుటుంబానికి లేదు. అద్దె సైకిలు తీసుకుని రమ్మని రోజుకో రూపాయి రహీం సాబ్ ఇచ్చేవారని బలరాం తరువాతి కాలంలో చెప్పుకున్నారు. ఉపాధ్యాయ వృత్తి నుంచి శిక్షణలోకి వచ్చిన రహీంకు ఆటగాడి సామర్థ్యం ఎంత ముఖ్యమో, ఆ సామర్థ్యం మైదానం దాకా చేరడం కూడా అంతే ముఖ్యమని తెలుసు.

రహీం శిక్షణ పద్ధతులు బలరాం ఆటను అర్థం చేసుకోవడానికి కీలకం. ఆయన బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ నిషేధించి, బంతి అందగానే పాస్ ఇవ్వాలన్న నియమంతో మరికొన్ని జరిపేవారు. మొదటి రకం పోటీ రెండు కాళ్లకూ సమానమైన పని నేర్పుతుంది. రెండో రకం పోటీలో బంతి రాకముందే దాన్ని ఎవరికి పంపాలో తేల్చుకోవాలి. బలరాం ఆటను చూసినవారు చెప్పిన లక్షణాలు సరిగ్గా ఇవే: ఏ కాలితోనైనా పాస్ ఇవ్వగల నేర్పు, బంతిని తొలి స్పర్శలోనే అదుపు చేయడం, తల ఎత్తి మైదానమంతా చూస్తూ ఆడడం. ఆ నేర్పు సహజంగా అబ్బినదే అనుకున్నా, దాన్ని తీర్చినది మాత్రం హైదరాబాద్ శిక్షణే.

1956–57, 1957–58 సీజన్లలో హైదరాబాద్ వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ రెండు ఫైనళ్లలోనూ ఎదుటి జట్టు బొంబాయి. ఆ విజయాల్లో బలరాం పాత్ర పెద్దది. ఈ నడుమనే, ఇరవై ఏళ్ల వయసులో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో చోటు దొరికింది. ఆ జట్టులో హైదరాబాద్ మైదానాల నుంచి వచ్చిన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటివారు కూడా ఉన్నారు. భారత్ క్వార్టర్ ఫైనల్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీ ఫైనల్ చేరిన తొలి ఆసియా దేశమైంది. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 1–4తో, కాంస్య పోరులో బల్గేరియా చేతిలో 0–3తో ఓడింది. తొలి పెద్ద పోటీలోనే యూరప్ జట్ల వేగం, బలం ఎలా ఉంటాయో బలరాంకు తెలిసివచ్చింది.

రోమ్ సాక్ష్యం

పాతతరం ఆటగాడిని కొలవడానికి ఎదుటి జట్టు స్థాయిని మించిన కొలబద్ద లేదు. బలరాం విషయంలో ఆ కొలత 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్పష్టంగా దొరుకుతుంది. బెనర్జీ నాయకత్వంలోని భారత్‌ది హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్న బృందం. హంగరీ చేతిలో 1–2తో ఓడి, ఫ్రాన్స్‌తో 1–1గా ముగించి, పెరూ చేతిలో 1–3తో ఓడి భారత్ బయటికొచ్చింది. మూడు ఆటల్లో వచ్చిన మూడు గోల్స్‌లో ఫ్రాన్స్ మీది గోల్ బెనర్జీది. హంగరీ, పెరూల మీది రెండూ బలరాంవి.

స్కోర్లు మాత్రం చూస్తే రెండు ఓటములు, ఒక సమం. వాటి వెనుక ఉన్నదాన్ని చూడాలంటే అదే హంగరీ మిగిలిన రెండు జట్లను ఏం చేసిందో చూడాలి. పెరూను 6–2తో, ఫ్రాన్స్‌ను 7–0తో చిత్తు చేసింది. ఆ బృందంలో హంగరీని ఒక్క గోల్ తేడాకు ఆపగలిగింది భారత్ ఒక్కటే. ఆ హంగరీ జట్టు కాంస్యంతో ఇంటికి వెళ్లింది. భారత్ మీద దాని తరఫున గోల్ కొట్టినవారిలో ఒకరైన ఫ్లోరియాన్ ఆల్బర్ట్ 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు. తూర్పు యూరప్ దేశాల్లో ఆటగాళ్లంతా పేరుకు ఔత్సాహికులే కావడంతో, అవి ఒలింపిక్స్‌కు దాదాపు పూర్తి బలంతో వచ్చేవి. అలాంటి జట్టు మీద, ఆట చివరి దశలో రెండు గోల్స్ వెనకబడి ఉండగా, బలరాం కొట్టిన గోల్ బలహీనుల మీద పోగైన అంకెల్లోది కాదు.

ఫ్రాన్స్ సంగతి వేరు. ఆ దేశం పంపింది ఔత్సాహికుల జట్టునే. అందువల్ల ఫ్రాన్స్‌తో సమం చేయడాన్ని అభిమానులు తరచు గొప్పగా చెప్పుకున్నా, తూకంలో హంగరీతో ఓటమికే ఎక్కువ విలువ ఇవ్వాలి. రోమ్‌లో భారత్ ఎంత బాగా ఆడిందో సమం చేసిన ఆట కంటే ఓడిన ఆటే చక్కగా చెబుతుంది.

జకార్తా

రెండేళ్ల తరువాత వచ్చిన ఆసియా క్రీడలు బలరాం అంతర్జాతీయ జీవితానికి శిఖరం. జట్టు సారథి గోస్వామి, శిక్షకుడు రహీం. గోల్ కాపలాదారు పీటర్ తంగరాజ్, ముందు వరుసలో యూసుఫ్ ఖాన్ కూడా హైదరాబాద్ ఫుట్‌బాల్‌తో బంధం ఉన్నవారే. తొలి ఆటలో భారత్ దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. తరువాత థాయ్‌లాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో ఓడించింది. ఆ రెండు ఆటల్లోనూ బలరాం ఒక్కో గోల్ కొట్టారు. సెమీ ఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద 3–2తో గట్టెక్కి, సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియాతో తలపడింది.

ఆ ఫైనల్ జరిగిన వాతావరణం మామూలుది కాదు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆహ్వానించకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధి తప్పుపట్టడంతో ఇండొనేషియాలో భారత్ మీద ఆగ్రహం రగిలింది. కిక్కిరిసిన స్టేడియం భారత జట్టును అడుగడుగునా గేలి చేసింది. ఆ హోరులోనే బెనర్జీ, జర్నైల్ సింగ్ మొదటి ఇరవై నిమిషాల్లో చెరో గోల్ కొట్టారు. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్‌ను రహీం సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. భారత్ 2–1తో గెలిచింది.

ఆ క్రీడల్లో భారత్ మొత్తం 11 గోల్స్ కొట్టింది. బెనర్జీ 4, గోస్వామి 3, బలరాం 2, జర్నైల్ 2. ఈ అంకెలు చూపి బలరాంను మూడో స్థానంలో నిలబెట్టేవారున్నారు. అది తొందరపాటు లెక్క. ఎందుకు తొందరపాటో చెప్పాలంటే ఆయన ఆడిన స్థానాన్ని చూడాలి.

లెక్కలకు అందని ఆట

ఆనాటి ఫుట్‌బాల్‌లో పాత పద్ధతి ప్రకారం ముందు వరుసలో ఐదుగురు ఉండేవారు: రెండు అంచుల్లో వింగర్లు, వారి పక్కన ఇద్దరు ఇన్‌సైడ్ ఫార్వర్డులు, నడుమ సెంటర్ ఫార్వర్డ్. 1953లో ఇంగ్లండ్‌ను దాని సొంతగడ్డపై ఓడించిన హంగరీ, సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగి ప్రత్యర్థి రక్షకులను తికమక పెట్టే విధానం చూపింది. రహీం దాన్ని 1956లోనే భారత జట్టుతో ఆడించారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచిన 4–2–4 అమరిక 1962 నాటికి భారత జట్టుకు అలవాటైంది.

ఈ కొత్త అమరికలో మధ్యన ఇద్దరే మిగులుతారు. వారికి ఆసరాగా ముందు వరుసలోనివారు ఎవరో ఒకరు వెనక్కి దిగి బంతి అందుకోవాలి, మళ్లీ ముందుకు పరుగెత్తాలి. భారత జట్టులో ఆ పని ఎక్కువగా బలరాం మీద పడింది. బెనర్జీ కుడి అంచున వేగంగా దూసుకెళ్లి బలంగా కొట్టే ఆటగాడు. గోస్వామి బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ రక్షకులను దాటి గోల్ ముందుకు చేరే ఆటగాడు. వీరిద్దరికీ బంతి సరైన చోట, సరైన సమయంలో అందాలి. బలరాం ఎడమ అంచున, ఇన్‌సైడ్ లెఫ్ట్‌లో, అవసరమైతే సెంటర్ ఫార్వర్డ్‌గా కూడా ఆడారు. ఏ స్థానం ఖాళీగా ఉంటే ఆ స్థానంలో నిలబెట్టగలిగిన ఆటగాడు ఉండడం శిక్షకుడికి పెద్ద వరం. కాని ఆ వరమే ఆ ఆటగాడి పేరుకు చేటు తెస్తుంది. ఒకే స్థానంలో పదేళ్లు ఆడినవారి పేరు ఆ స్థానంతో ముడిపడి నిలిచిపోతుంది. పలు స్థానాల్లో ఆడినవారికి ఆ సౌలభ్యం ఉండదు.

దీనికి మరో ఇబ్బంది తోడైంది. ఆనాటి పత్రికలు గోల్ కొట్టినవారి పేర్లు అచ్చువేసేవి. గోల్‌కు దారితీసిన పాస్ ఇచ్చినవారి లెక్కను ఎవరూ క్రమంగా రాయలేదు. కొన్ని నివేదికల్లో ఆ పాస్ ప్రస్తావన ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఈనాడు ప్రతి పాస్‌నూ, ప్రతి పరుగునూ యంత్రాలు లెక్కగడుతున్నాయి. అలాంటి లెక్క 1962లో ఉండి ఉంటే ముగ్గురి తూకం ఎలా ఉండేదో చెప్పలేం. ఉన్న గోల్స్ జాబితా మాత్రం ముగించేవారి పక్షాన మొగ్గుతుందని, అల్లేవారికి అన్యాయం చేస్తుందని కచ్చితంగా చెప్పవచ్చు.

అందుకే బలరాం విషయంలో తోటి ఆటగాళ్ల, సమకాలిక క్రీడా విలేకరుల అభిప్రాయానికి అంకెల కంటే ఎక్కువ బరువుంది. వారు చూసినది ముగింపును ఒక్కదాన్నే కాదు, అల్లికను కూడా.

కలకత్తా ఏళ్లు

బలరాంను అల్లేవాడిగా మాత్రమే చూడడమూ సరికాదు. 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరేనాటికి ఆ క్లబ్‌కు దక్షిణాది ఆటగాళ్ల మీద గొప్ప గురి ఉంది. అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురు దక్షిణాదివారు అంతకుముందు కొన్నేళ్ల పాటు ఆ క్లబ్ ముందు వరుసను నడిపారు. బెంగాల్ అభిమానులు వారిని పంచపాండవులని పిలుచుకున్నారు. వారి తరువాత వచ్చిన బలరాం మీద అదే స్థాయి ఆశ నిలిచింది.

1952 తరువాత ఈస్ట్ బెంగాల్‌కు కలకత్తా లీగ్ చేజిక్కలేదు. మోహన్ బగాన్ ఆధిపత్యం సాగుతున్న రోజులవి. 1961లో బలరాం సారథ్యంలో ఈస్ట్ బెంగాల్ లీగ్ గెలిచి తొమ్మిదేళ్ల ఎదురుచూపుకు తెరదించింది. ఆ సీజన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 23 గోల్స్ కొట్టింది కూడా ఆయనే. అదే ఏడాది ఐ.ఎఫ్.ఎ. షీల్డ్‌ను మోహన్ బగాన్‌తో పంచుకున్నారు. 1958 షీల్డ్, 1960 డ్యూరాండ్ కప్ కూడా ఆయన ఉన్న కాలంలోనే ఆ క్లబ్‌కు వచ్చాయి. ఈస్ట్ బెంగాల్ తరఫున ఆయన కొట్టిన గోల్స్ వంద దాటాయి.

1962 రోవర్స్ కప్ ఫైనల్ హైదరాబాద్ అభిమానులకు ప్రత్యేకమైనది. ఒకవైపు ఈస్ట్ బెంగాల్, మరోవైపు పాత సిటీ పోలీసు జట్టుకు వారసురాలైన ఆంధ్రా పోలీసు. కప్పును ఇరు జట్లూ పంచుకున్నాయి. అదే మైదానంలో హైదరాబాద్ తయారుచేసిన జట్టు, హైదరాబాద్ కలకత్తాకు ఇచ్చిన ఆటగాడి క్లబ్ ఎదురెదురుగా నిలిచి సమానంగా ముగించడం ఆ కాలపు ఫుట్‌బాల్‌లో ఈ నగరానికి ఉన్న స్థానాన్ని చెబుతుంది.

జట్టు సారథిగా ఉంటూ, అల్లుతూ, అదే సీజన్‌లో గోల్స్ జాబితాలో మొదటివాడిగా నిలవడం అరుదు. 1961 సీజన్ ఒక్కటి చాలు, బలరాంను ఇద్దరు మహామహుల పక్కన నిలబడ్డ సహాయకుడిగా చూడడం తప్పని తేల్చడానికి.

ఎదుటి వాదన

బలరాంను, ఆయన తరాన్ని ఇంత ఎత్తున నిలబెట్టడానికి ఒప్పుకోనివారి వాదనలు నాలుగు. వాటిలో బలం ఉంది. వాటిని దాటవేసి చేసే పొగడ్తకు విలువ ఉండదు.

మొదటిది పోటీల స్థాయి. మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నుంచి పలు జట్లు తప్పుకున్నాయి. తొలి రౌండ్‌లో ఎదురుపడవలసిన హంగరీ రాకపోవడంతో భారత్ నేరుగా క్వార్టర్ ఫైనల్ ఆడింది. ఒక్క గెలుపుతోనే నాలుగో స్థానం వచ్చింది. జకార్తాలో ఫుట్‌బాల్ ఆడినవి ఎనిమిది జట్లే, ఇజ్రాయెల్, ఇరాన్ వాటిలో లేవు. ఇది నిజం. అయితే భారత్ ఫైనల్‌లో ఓడించిన దక్షిణ కొరియా 1956, 1960 ఆసియా కప్పులు రెండింటినీ గెలిచిన జట్టు. ఆనాటి ఆసియాలో అంతకంటే గట్టి ప్రత్యర్థి దొరకదు.

రెండోది దేశవాళీ ఆట నాణ్యత. అప్పట్లో దేశంలోని పోటీలు 90 నిమిషాలవి కావు, 70 నిమిషాలవే. నిండు ఆటకు కావలసిన ఓపిక అలవడకపోవడం అంతర్జాతీయ పోటీల చివరి దశలో భారత్‌ను దెబ్బతీసింది. ఈ లోపం వ్యవస్థది. బలరాం దాన్ని మోస్తూనే హంగరీ మీద ఆట చివరి దశలో గోల్ కొట్టారన్నది కూడా లెక్కలోకి రావాలి.

మూడోది ఆట మారిన తీరు. ఈనాటి ఆటగాళ్ల వేగం, శరీర దారుఢ్యం, అమరికల పట్టు ముందు 1960 నాటి ఆటగాడు నిలవలేడన్నది తరచు వినిపించే మాట. ఆనాటి మనిషిని ఉన్నపళంగా ఈనాటి మైదానంలోకి దించితే అది నిజమే కావచ్చు. ఆ పోలికే న్యాయమైనది కాదు. ఈనాటి ఆటగాడికి ఆహార నిపుణులు, వైద్యులు, పచ్చిక మైదానాలు, తేలికైన బూట్లు, తడిసినా బరువెక్కని బంతి ఉన్నాయి. కలకత్తా వానల్లో బురదగా మారిన మైదానంలో నీళ్లు పీల్చి బరువెక్కిన తోలుబంతితో, గాయపడితే బదులు ఆటగాడిని దించే వీలు లేని నియమాల మధ్య ఆడినవారిని వారి కాలపు కొలతతోనే చూడాలి. ఒక ఆటగాడు తన సమకాలికుల కంటే ఎంత పైన ఉన్నాడన్నదే తరాలు మారినా నిలిచే కొలత.

నాలుగోది కాలవ్యవధి. బలరాం అంతర్జాతీయ జీవితం 1956 నుంచి 1962 దాకా ఏడేళ్లే. ఇదే అన్నిటికంటే బరువైన అభ్యంతరం. గొప్పతనానికి నిలకడ కూడా ఒక షరతు. కాని ఆ ఏడేళ్లలో రెండు ఒలింపిక్స్, రెండు ఆసియా క్రీడలు ఉన్నాయి. నాలుగింటిలోనూ ఆయన జట్టులో ఉన్నారు. ఉన్న కాలంలో ఆట తగ్గి జట్టు నుంచి తప్పించిన సందర్భం కాదు అది. శిఖరం మీద ఉండగానే అనారోగ్యం ఆపేసింది.

ఛెత్రీతో పోలిక

కొత్త తరం అభిమానులు ఈ వాదంలోకి సునీల్ ఛెత్రీని తెచ్చారు. ఛెత్రీ 1984లో పుట్టింది కూడా సికింద్రాబాద్‌లోనే కావడం విశేషం. దేశం తరఫున 150కి పైగా ఆటలు, 90కి పైగా గోల్స్ ఆయన ఖాతాలో ఉన్నాయి. ఆ అంకెల పక్కన బలరాం అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి.

అవకాశాల తేడాను చూడకుండా ఈ పోలిక చేయకూడదు. బలరాం కాలంలో భారత్‌కు అంతర్జాతీయ ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నాలుగేళ్లకోసారి ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, మధ్యలో మలయాలో జరిగే మెర్డెకా వంటి పోటీలు. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో భారత్ తొలిసారి ఆడింది 1985లో. ఛెత్రీ తరానికి దక్షిణాసియా పోటీలు, ప్రపంచ కప్, ఆసియా కప్ అర్హత రౌండ్లు, ఏటా స్నేహపూర్వక ఆటలు దొరికాయి. మరోవైపు ఛెత్రీ తరం ఎదుర్కొన్న ఆసియా చాలా బలపడింది. జపాన్, కొరియా, ఇరాన్ ప్రపంచ కప్పులు ఆడుతున్నాయి. ఎవరి కాలం సులువైనదన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. దాదాపు ఇరవై ఏళ్ల పాటు అదే పదును నిలుపుకోవడం ఛెత్రీ గొప్పతనం. దేశం ఆసియాలో అగ్రస్థానంలో ఉన్న రోజుల్లో ఆ జట్టు ఆటను నడిపినవారిలో ఒకరు కావడం బలరాం గొప్పతనం. ఒకదాన్ని ఒప్పుకోవడానికి మరొకదాన్ని తగ్గించనక్కరలేదు.

మూడో పేరుగా మిగలడానికి కారణాలు

1963లో బలరాం ఈస్ట్ బెంగాల్‌ను వదిలి బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టులో చేరారు. ఆ వెంటనే ఊపిరితిత్తుల జబ్బు ఆయనను ఆటకు దూరం చేసింది. అప్పటికి వయసు ఇరవై ఏడేళ్లు. అదే ఏడాది జూన్‌లో రహీం క్యాన్సర్‌తో మరణించారు. బలరాంను వెతికి పట్టుకున్న మనిషి, ఆయన ఆట ఒకే ఏడాదిలో తెరమరుగు కావడం హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు పెద్ద దెబ్బ.

ఆట మానిన తరువాతి జీవితమే ముగ్గురి పేర్ల మధ్య దూరం పెంచింది. బెనర్జీ పేరుమోసిన శిక్షకుడై మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లను దశాబ్దాల పాటు విజయాల బాట పట్టించారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు శిక్షకుల్లోనూ ఆయన ఉన్నారు. గోస్వామి క్రికెట్‌లో బెంగాల్ జట్టుకు సారథ్యం వహించి రంజీ ట్రోఫీ ఫైనల్ దాకా నడిపారు, ఆ తరువాత కోల్‌కతా షెరీఫ్ అయ్యారు. ఇద్దరూ పద్మశ్రీ పొందారు. ఇద్దరి పేర్లూ పత్రికల్లో ఏదో ఒక సందర్భంలో కనిపిస్తూనే వచ్చాయి. బలరాం శిక్షకుడిగా, జాతీయ జట్టు ఎంపికదారుగా కొంతకాలం పనిచేసి, కోల్‌కతాకు దగ్గరలోని ఉత్తర్‌పారాలో నిరాడంబరంగా గడిపారు. అర్జున తరువాత చెప్పుకోదగ్గ జాతీయ పురస్కారం రాలేదు. ఆ నిర్లక్ష్యం తనను బాధించిందని ఆయన దాచుకోలేదు.

ఊరి సంగతీ ఉంది. కలకత్తాకు ఆయన బయటి నుంచి వచ్చినవారు. హైదరాబాద్‌కు ఇరవై ఏళ్ల వయసులోనే దూరమైనవారు. సొంతమని గట్టిగా చెప్పుకోవలసిన రెండు నగరాల్లో ఒకటి తన వాళ్లను ముందు నిలబెట్టుకుంది. రెండోది ఫుట్‌బాల్‌నే క్రమంగా మరిచిపోయింది. ఆంధ్రా పోలీసు జట్టు వెలుగు తగ్గేకొద్దీ ఆ సంప్రదాయంలో పుట్టిన ఆటగాళ్ల కథలు చెప్పేవారు హైదరాబాద్‌లోనూ తగ్గిపోయారు. బెనర్జీ, గోస్వామి 2020లో కొద్ది వారాల తేడాతో కన్నుమూశారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ల వయసులో, కోల్‌కతాలో మరణించారు. 2024లో విడుదలైన మైదాన్ సినిమా రహీం జీవితాన్ని తెరకెక్కించడంతో బలరాం పేరు మళ్లీ కొత్త తరం చెవిన పడింది.

తూకం

సాక్ష్యాలన్నీ ఒకచోట పెడితే కొన్ని విషయాలు నిలకడగా తేలతాయి. గోల్ ముందు పదునులో, ఆడిన కాలం నిడివిలో బెనర్జీ ముందున్నారు. ఒంటరిగా రక్షకులను దాటే నేర్పులో, నాయకుడిగా సాధించిన విజయంలో గోస్వామికి సాటి లేదు. ఎక్కువ స్థానాల్లో అదే స్థాయిలో ఆడగలగడంలో, రెండు కాళ్ల వాడుకలో, తాను గోల్ కొడుతూనే ఇతరులతో కొట్టించడంలో బలరాం ముందున్నారు. హంగరీ మీది గోల్, 1961 కలకత్తా సీజన్ ఆ మాటకు రాతపూర్వక సాక్ష్యాలు. సంపూర్ణమైన ఆటగాడన్న పాతతరం మాట మమకారంతో పుట్టినది కాదని అవి నిరూపిస్తున్నాయి.

ముగ్గురిలో ఒకరిని మొదట నిలబెట్టడం ఏ గుణానికి ఎక్కువ విలువ ఇస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ తేడా అభిమానుల మధ్య ఉండవలసిందే. అయితే బలరాంను అలవాటుగా మూడోవాడిగా చెప్పడానికి మైదానంలో ఆడిన ఆట నుంచి ఏ ఆధారమూ దొరకదు. ఆ క్రమం మైదానం బయట తయారైంది: అనారోగ్యంతో అర్ధంతరంగా ఆగిన ఆట, రాని పురస్కారాలు, మరిచిన నగరం కలిసి దాన్ని తయారుచేశాయి. ఆట ఒక్కటే కొలతగా తీసుకుంటే ముగ్గురూ ఒకే వరుసలో ఉంటారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రను బడిపిల్లలకు చెప్పే రోజు వస్తే, రహీం పేరు తరువాత చెప్పవలసిన మొదటి పేర్లలో తులసీదాస్ బలరాం పేరు ఉండాలి.

(వచ్చే భాగం: రహీం తరువాత ఆంధ్రా పోలీసు జట్టు)